రేటు చెడిపోద్దట!

"ప్రభుత్వం ఏం చేసింది, చట్టం రాసి చేతులు దులుపుకుంది" అని మన ఆడవాళ్ళం నలుగురం కూడినప్పుడల్లా అంటాం. నేనూ అన్నదాన్నే. మొన్న వేసవిలో మేడ మీద పిట్టగోడ కట్టించినప్పటి నుంచి ఆ మాట నోటికి రావడం లేదు.

మేస్త్రీ ఇద్దరు మగకూలీల్ని, ఇద్దరు ఆడకూలీల్ని తెచ్చాడు. ఇంట్లో లెక్కలు నావే కాబట్టి సాయంత్రం డబ్బులిచ్చేది నేనే. మగవాళ్ళకి 900, ఆడవాళ్ళకి 600. మొదటిరోజు ఎందుకని అడగాలని కూడా తోచలేదు. రెండోరోజు ఒక మగమనిషి రాలేదు. ఆడవాళ్ళిద్దరిలో ఒకామె ఇసక జల్లించి, మాలు కలిపి, ఆ గమేళాలు తనే నెత్తిన పెట్టుకుని మెట్లెక్కింది. గన్నవరం ఎండ సంగతి మీకు చెప్పాలా! సాయంత్రం మళ్ళీ 600 అన్నాడు.

"అదేంటి మేస్త్రీ గారూ, ఇవాళ మగమనిషి పని కూడా ఈమే చేసిందిగా?"

"మీరు అలవాటు చేశారంటే రేటు చెడిపోద్దమ్మగారూ. రేపు అందరూ అడుగుతారు."

ఆమె వైపు చూశాను. "వద్దులెండమ్మగారూ, మళ్ళీ పనికి పిలవడు" అంది మెల్లగా. నేను 600 ఇచ్చేశాను. బీఏ చదివాను, కూతుర్ని ఎవరికీ తక్కువ కాదంటూ పెంచుతున్నాను. చేతిలో డబ్బున్న ఆ ఒక్క నిమిషం మాత్రం వెళ్ళి బజారు రేటు పక్కన నిలబడ్డాను.

చట్టం లేకనా? సమాన వేతన చట్టం 1976 నుంచీ ఉంది. ఇప్పుడది వేతనాల కోడ్‌లో కలిసింది, 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. ఒకే పనికే కాదు, ఒకే తరహా పనికీ ఆడామగా తేడా లేకుండా కూలి ఇవ్వమంటుంది. నేర్పు, శ్రమ, అనుభవం, బాధ్యత చూసి తేల్చమంటుంది. మన తెలివంతా ఇక్కడే ఉంది. పనుల్నే రెండుగా చీల్చి పెట్టుకున్నాం. ఊడ్పుల్లో రోజంతా నడుం వంచేది ఆడవాళ్ళు, నారు కట్టలు మోసేది మగవాళ్ళు, కాబట్టి రెండూ వేరే పనులట. పెళ్ళి వంటల్లో కూరలు తరగడం ఆడపని, గరిటె తిప్పడం మగపని. ఇంట్లో జీవితాంతం గరిటె మనదే. నాలుగొందల మందికి వండి డబ్బు తీసుకునే చోట మాత్రం అది మగాడి విద్య అయిపోతుంది!

"మగాడు బరువులు మోస్తాడు కదా" అన్నారు మావారు. సిమెంటు బస్తా మోసినందుకు ఎక్కువివ్వండి, నేను కాదనను. ఆ బస్తా ఆమె మోసిన రోజు ఆమెకీ ఇవ్వండి మరి.

ప్రభుత్వం తలుచుకుంటే జరగదా అంటే జరిగింది. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. అందులో ఆడరేటు, మగరేటు అని రెండు పెట్టలేదు. అది వచ్చిన కొత్తలో మా పుట్టింట్లో ఒకటే ఏడుపు, కూలీలు దొరకట్లేదని. తక్కువకి దొరకట్లేదని ఎవరూ అనలేదు లెండి.

అలాగని ప్రభుత్వాన్ని వదిలేయమనడం లేదు. తనిఖీకి వచ్చే అధికారి ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్తాడేమో గానీ మా పిట్టగోడ దగ్గరికి రాడు. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల చట్టం మన ఇళ్ళను కూడా పనిచోట్లే అంది. మనింట్లో అంట్లు తోమే మనిషి కూడా జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆ సంగతి ఆ మనిషికి ఎవరు చెప్పారు? సచివాలయం గోడ మీద పథకాల పేర్లు రాస్తారు. ఏ పనికి కనీస కూలి ఎంతో, అది ఆడామగా ఇద్దరికీ ఒకటేనని పక్కనే రెండు లైన్లు రాయించడానికి రంగు డబ్బా ఖర్చు తప్ప ఏముంది?

మూడోరోజు కూడా ఆ మగమనిషి రాలేదు. మేస్త్రీతో గొడవపడి ఆమె చేతిలో 1,200 పెట్టాను, ముందురోజు బాకీ కలిపి. నాలుగోరోజు ఆమె రాలేదు. "వేరే చోటికి పంపానండీ" అన్నాడు. నిజమో అబద్ధమో. వచ్చేనెల వెనక ప్రహరీ పని ఉంది. కూలి ఇద్దరికీ ఒకటే, ఆమెనే తీసుకురండి అని ఇప్పుడే చెప్పి ఉంచాను. చూస్తానన్నాడు.