షుగర్ పెరగక ముందే

ఫలక్‌నుమాలో రక్తపరీక్ష కాగితం ఇంటికి రాగానే అందరూ వెతికేది షుగర్ అంకెనే. అది నూరు లోపు ఉంటే కాగితం అల్మారాకు చేరుతుంది. కాని రెండవ రకం మధుమేహంలో షుగర్ పెరగడం ఆలస్యంగా బయటపడే సంగతి. అంతకు ఎన్నో ఏళ్ల ముందే కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి. క్లోమం మరింత ఇన్సులిన్ స్రవించి షుగర్‌ను అదుపులో ఉంచుతుంది.

క్లోమం పడే ఈ అదనపు శ్రమను అంచనా వేసేందుకు 1985లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ఒక లెక్క చెప్పారు. పరగడుపు షుగర్‌ను పరగడుపు ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించాలి. దీని పేరు హోమా-ఐఆర్. అయితే ఇన్సులిన్ అంకె ల్యాబును బట్టి మారుతుంది. ఆ పరీక్ష ప్రతి ఇంటికీ అవసరమని నేను అనుకోను. కొలెస్ట్రాల్ పరీక్ష కాగితం ఉంటే చాలు. అందులో ట్రైగ్లిజరైడ్ల అంకెను హెచ్‌డీఎల్ అంకెతో భాగించండి. ఒకటి 180, రెండవది 36 అయితే ఫలితం 5. మూడు దాటితే అనుమానించవలసిందే.

“మేము సన్నగానే ఉన్నాం కదా” అనే సోదరీమణులకు ఒక మాట. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

అందుచేత టేపుతో నడుము కూడా కొలవండి. స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే, ఆ కొలతతోపాటు అల్మారాలోని పాత కాగితాన్నీ వైద్యునికి చూపించండి.