మన మిర్చి ఘాటుకు 'కోషర్' ముద్ర.. రబ్బీలు ఏం చూస్తారు? ఏం చూడరు?

భద్రాచలం ఏజెన్సీలోని చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో గోదావరి ఒడ్డున మిర్చి తోటలు ఎక్కువ. ఆ చుట్టుపక్కల పంటకు ఖమ్మం మార్కెట్టే పెద్ద దిక్కు. ఇక్కడ ఎక్కువగా కనిపించే తేజ రకం బాగా ఘాటు. అందుకే ఓలియోరెసిన్, అంటే మిర్చి సారం తీసే కంపెనీలకు ఇదంటే మోజు. ఆ సారం అమెరికా, ఇజ్రాయెల్ ఫుడ్ కంపెనీలకు అమ్మాలంటే తరచూ అడిగే కాగితం ఒకటుంది. అదే కోషర్ సర్టిఫికెట్.

కోషర్ అంటే యూదుల మత నియమాల ప్రకారం తినదగినది అని. మత గురువైన రబ్బీ వచ్చి ప్రార్థన చేసి వెళ్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది పక్కా ఆడిట్. ఈ రంగంలో పెద్ద పేరు న్యూయార్క్‌లోని ఆర్థడాక్స్ యూనియన్‌ది. పొట్టిగా ఓయూ. మనకు ఉస్మానియా గుర్తొస్తుంది కానీ, అక్కడి సూపర్ మార్కెట్లలో ప్యాకెట్ మీద ఆ గుర్తు చూసే కొంటారు.

మరి మిర్చి మొక్క నుంచి వచ్చిందే కదా, తేడా ఏముంటుంది? కాయలో ఏమీ లేదు. చిక్కంతా ఫ్యాక్టరీలోనే. మిర్చి సారం నీళ్లలో కలవాలంటే పాలిసార్బేట్ లాంటివి కలుపుతారు. వాటి తయారీలో వాడే కొవ్వు మొక్కలదీ కావొచ్చు, పశువులదీ కావొచ్చు. అందుకే ప్రతి ముడిసరుకు, దాన్ని సరఫరా చేసే కంపెనీ పేరు ఏజెన్సీ జాబితాలో ఉండాల్సిందే. కొత్త సప్లయర్‌ను తేవాలంటే ముందే చెప్పాలి. అదే ట్యాంకులో అంతకుముందు కోషర్ కాని సరుకు తయారైతే, కడిగి, సాధారణంగా 24 గంటలు ఖాళీగా ఉంచి, మరిగే నీళ్లతో శుద్ధి చేయాలి. ఆవిరి పైపులను కూడా వదలరు. తనిఖీకి చెప్పకుండానే వస్తారు.

హోటళ్లలో నిఘా ఇంకా గట్టిది. 'మష్గియా' అనే పర్యవేక్షకుడు వంటగదిలోనే ఉంటాడు. ఆకుకూరల్లో పురుగులు వెతకడం, మాంసం గిన్నెలు పాల గిన్నెలతో కలవకుండా చూడటం, చాలాచోట్ల పొయ్యి వెలిగించడం కూడా ఆయన పనే.

మన ప్యాకెట్ల మీద ఉండే శాకాహార పచ్చచుక్క చట్టం ప్రకారం కంపెనీ వేసుకోవాల్సిన గుర్తు. కోషర్ మాత్రం ప్రైవేటు ఒప్పందం. తనిఖీ చేయించుకునే కంపెనీయే ఫీజు కడుతుంది. ఇదేం పద్ధతి అనిపించొచ్చు. కానీ తప్పు దొరికితే గుర్తు తీసేసి, ఆ విషయం బహిరంగంగా ప్రకటిస్తారు. ఏజెన్సీ పరువే దానికి పెట్టుబడి.

పురుగుమందుల అవశేషాలు ఈ తనిఖీలోకి రావు. వాటికి ల్యాబ్ రిపోర్టులు వేరు. ఛత్తీస్‌గఢ్ నుంచి మిర్చి కోతకు వచ్చే ఆదివాసీ కూలీల రోజు కూలి ఎంతో కూడా ఎవరూ అడగరు. ధర పడిపోయి 2017 ఏప్రిల్‌లో ఖమ్మం యార్డులో రైతులు తిరగబడ్డారు. అలాంటి ధరల గొడవతోనూ ఈ కాగితానికి సంబంధం లేదు.

కాబట్టి ఎండు కాయలు అమ్మే రైతు దీనికోసం రూపాయి కూడా ఖర్చు పెట్టక్కర్లేదు. కారం పట్టి, ప్యాక్ చేసి ఎగుమతి చేయాలనుకునే రైతు సంఘాలు ఆలోచించాలి. అదీ కొనేవాళ్లు అడిగితేనే.