సీటిచ్చారు, గైడేడీ?

ఎక్స్‌రేతో తేల్చలేనంత చిన్న స్ఫటికం మీదికి ఎలక్ట్రాన్లు పంపి, లోపల పరమాణువులు ఎట్లా కూచున్నాయో చూసే విద్య ఒకటుంది. ఎలక్ట్రాన్ క్రిస్టలోగ్రఫీ అంటారు. బ్యాటరీలకు పనికొచ్చే కొన్ని పదార్థాల్లో పరమాణువుల వరుస చెదిరి ఉంటుంది. లిథియం ఎటు కదలగలదన్నది ఆ చెదిరిన తీరును బట్టే ఉంటుంది. ఇదంతా మన పిల్లలకెందుకు అనేవాళ్లున్నారు, మనలోనూ ఉన్నారు. ఎందుకు వద్దో చెప్పమనండి! కాకపోతే ఇది పుస్తకం కొనుక్కొని ఇంట్లో చదివితే వచ్చేది కాదు. కోట్ల రూపాయల మైక్రోస్కోపు కావాలి. దాని దగ్గరికి పోవాలంటే గైడు కావాలి.

1982లో అమెరికాలో పనిచేస్తున్న ఇజ్రాయెల్ శాస్త్రవేత్త డాన్ షెక్ట్‌మన్, స్ఫటికాల్లో ఉండదని అందరూ నమ్మిన అమరికను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశాడు. పెద్దలు ఎగతాళి చేశారు, గ్రూపులోంచి పొమ్మన్నారు. 2011లో ఆయనకే నోబెల్ ఇచ్చారు. ఎన్ని మాటలు పడ్డా ఆయనకు మిషను అందింది. సేలం ప్రాంతం నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ఫిజిక్స్ పిహెచ్.డి.కి వచ్చిన దళిత బిడ్డ సెంథిల్ కుమార్‌కు గైడే దొరకలేదు. 2008 ఫిబ్రవరిలో హాస్టల్లో శవమై కనిపించాడు.

2006 చట్టం కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15 శాతం సీట్లన్నది. గైడు మాట ఎత్తలేదు. సీటిచ్చిన రోజే గైడు పేరు, మిషను మీద పనిచేసే రోజులు రాసి నోటీసుబోర్డుకు అంటించాలని ప్రతి యూనివర్సిటీనీ అడుగుదాం.