చిక్కటి ఆయిల్ ఇంజిన్‌ను కాపాడదు

ట్రాక్ మీద స్పోర్ట్స్ కారు ఇంజిన్ పోయిందంటే చాలు, చుట్టూ పదిమంది చేరి ఒకటే తీర్పు చెబుతారు: ఆయిల్ పలచబడిపోయింది, మంచి చిక్కటి ఆయిల్ పోసుంటే ఇలా అయ్యేది కాదు. కాస్త అనుభవం ఉన్నవాళ్లయితే డిప్‌స్టిక్ మీద మ్యాక్స్ గీత దాటించి ఇంకో అర లీటరు పొయ్యమంటారు. ఇంకా తెలిసినవాళ్లు బాఫిల్ చాంబర్ కొనమంటారు. వినడానికి మూడూ బాగానే ఉంటాయి, అమ్మేవాళ్లకు ఇంకా బాగుంటాయి. నా దృష్టిలో మొదటి రెండూ తప్పు. మూడోది కొన్ని కార్లకే ఒప్పు, ఏ కార్లకో చూసుకోకుండా బిగించుకుంటే అదీ తప్పే.

అక్కడ జరిగేది ఆయిల్ స్టార్వేషన్. అంటే ఆయిల్ చెడిపోవడం కాదు. తగ్గిపోవడమూ కాదు. ఇంజిన్‌లో ఐదు లీటర్లూ ఉంటుంది, పంపు పీల్చుకునే గొట్టం మూతి దగ్గర మాత్రం ఉండదు. ఇంట్లో సంపు అడుగంటి ఫుట్‌వాల్వు పైకి తేలితే మోటారు గాలి పట్టి ఉత్తినే తిరుగుతుంది కదా, అదే ఇది. మోటారులో నాలుగు చెంబులు పోసి మళ్లీ నడిపించుకోవచ్చు. క్రాంకుకు ఆ వెసులుబాటు లేదు.

కారు మలుపులో 1 జీ పక్కబలంతో తిరుగుతున్నప్పుడు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో దాని మట్టం 45 డిగ్రీలు ఒరుగుతుంది. 1.2 జీ దగ్గర 50 డిగ్రీలు. ఇందులో బ్రాండుకు చోటు లేదు, చిక్కదనానికీ లేదు. 5డబ్ల్యూ-30 అయినా, 10డబ్ల్యూ-60 అయినా, ఆముదమైనా ఒరిగేది అంతే. (ఆముదం మాట వేళాకోళం కాదు, పాతకాలపు రేసు కార్లు నిజంగానే ఆముదం కలిసిన ఆయిల్‌తో నడిచాయి.) చిక్కటి ఆయిల్ పక్కకు జారడానికి ఇంకాస్త సమయం తీసుకుంటుంది, నిజమే. కానీ మలుపు ఎంతసేపు ఉంటుందో చూడండి. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో 1.2 జీ దగ్గర తిరిగే కారుకు వంపు వ్యాసార్థం దాదాపు 210 మీటర్లు. అలాంటి అర్ధవృత్తం పూర్తి కావడానికి 13 సెకన్లు పడుతుంది. గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో పదో మలుపు, పదకొండో మలుపు కలిసిపోయి ఒకే పొడవాటి కుడి వంపుగా సాగుతాయి. అలాంటి చోట అర సెకను ఆలస్యంగా జారిన ఆయిల్ ఎవరిని కాపాడుతుంది? పైగా సిలిండర్ హెడ్‌లోకి ఎక్కిన చిక్కటి ఆయిల్ కిందికి దిగడానికీ అంతే బద్ధకిస్తుంది.

చిక్కదనం అసలు పనికిరాదని అనడం లేదు. వేడికి ఆయిల్ పలచనై బేరింగులో పొర బలహీనపడితే ఒక గ్రేడు పెంచడం సరైన వైద్యమే, ఆయిల్ కూలర్ ఇంకా సరైన వైద్యం. అది వేడి జబ్బు. గొట్టం మూతి గాలి పీల్చడం వేరే జబ్బు. ఈ రెంటినీ కలిపెయ్యడమంటే మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమే.

పంపు గాలి మింగితే ముందు పోయేది కనెక్టింగ్ రాడ్ పెద్ద చివర ఉండే బేరింగ్. పంపు నుంచి ఫిల్టర్, అక్కడి నుంచి ఆయిల్ గ్యాలరీ, మెయిన్ బేరింగులు, క్రాంకు లోపలి రంధ్రాలు, ఇవన్నీ దాటాకే దానికి ఆయిల్ అందుతుంది. పంక్తిలో చివరి విస్తరి దానిదే. 7000 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు సెకనుకు దాదాపు 117 సార్లు తిరుగుతుంది. రెండు సెకన్లు ప్రెషర్ పడిపోతే రెండు వందల పైచిలుకు చుట్లు లోహం మీద లోహం రాసుకుంటుంది. 1980ల నాటి పోర్షె 944ను ట్రాక్‌కు తీసుకెళ్లేవాళ్లను అడిగితే రెండో నంబరు రాడ్ బేరింగ్ కథ చెబుతారు. పొడవాటి మలుపుల్లో ఎప్పుడూ ముందు పోయేది అదే. ఆ కార్లన్నిట్లో పోసింది ఒకే ఆయిల్ కాదు కదా!

ఇక మ్యాక్స్ గీత దాటించే సంగతి. మట్టం పెరిగితే క్రాంకు బరువులు దాన్ని చిలుకుతాయి, ఆయిల్ నురగవుతుంది. నురగలో సగం గాలే. ఆయిల్ లాగా అది బరువు మొయ్యదు, నొక్కితే నలిగిపోతుంది. గొట్టం మూతికి గాలి తగలకూడదని పోసిన ఆ అర లీటరు, గాలిని ఆయిల్‌లోనే కలిపి పంపుకు అందిస్తుంది. మిగిలింది బ్రీదర్ గుండా ఇన్‌టేక్‌లోకి పోయి నీలం పొగ అవుతుంది. ట్రాక్‌కు వెళ్లేటప్పుడు ఇంత అదనంగా పొయ్యమని కారు పుస్తకంలో కంపెనీయే రాసిందంటే పొయ్యండి. వాళ్లు ఆ చాంబర్ కొలతలు తెలిసి రాశారు. పిట్‌లో పక్క కారాయన చెప్పాడని పొయ్యకండి.

బాఫిల్ దగ్గర కొంచెం నిలబడాలి, ఎందుకంటే ఇది సగం నిజం. సిలిండర్లు వరసగా నిలబడే ఇంజిన్లలో ఆయిల్ చాంబర్‌లోనే ఒక మూలకు పరిగెడుతుంది. గొట్టం చుట్టూ చిన్న గది కట్టి, లోపలికి మాత్రమే తెరుచుకునే రేకు తలుపులు పెడితే అది ఆగుతుంది. అక్కడ బాఫిల్ డబ్బుకు తగ్గ పని చేస్తుంది. సిలిండర్లు రెండు పక్కలకూ పడుకునే బాక్సర్ ఇంజిన్ అలాంటిది కాదు. కుడి మలుపులో ఆయిల్ ఎడమ పక్క హెడ్‌లోకి వెళ్లి, మలుపు అయ్యేదాకా అక్కడే కూర్చుంటుంది. పంపు పైకి తోడుతూనే ఉంటుంది, కిందికి తిరిగొచ్చేది మాత్రం ఉండదు. చాంబరే ఖాళీ అవుతుంటే రేకు తలుపులు దేన్ని ఆపుతాయి? టొయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్‌ల 2.4 లీటర్ల ఇంజిన్‌లో పొడవాటి కుడి మలుపుల్లో ప్రెషర్ పడిపోవడాన్ని యజమానులే గ్రాఫులుగా తీసి చూపించారు. బాఫిల్‌తోనే సరిపెట్టుకునేముందు ఆ గ్రాఫులు ఒకసారి చూడడం మంచిది.

"మాది డ్రై సంప్, మాకు భయం లేదు" అనే వర్గం ఇంకొకటి ఉంది. అసలైన డ్రై సంప్ అంటే చాంబర్‌లో ఆయిల్ నిలవనివ్వకుండా వేరే పంపులు లాగేసి, బయట ఉన్న ట్యాంకులో గాలి విడగొట్టి, అక్కడి నుంచి బేరింగులకు పంపేది. గాలితో చల్లబడే పాత 911లన్నిటికీ అలాంటి ట్యాంకు ఉండేది. 1990ల చివర్లో వచ్చిన 996 మామూలు మోడళ్లలో పోర్షె దాన్ని తీసేసి, ఆయిల్‌ను ఇంజిన్ లోపలే నిలిపి, ‘ఇంటిగ్రేటెడ్ డ్రై సంప్’ అని పేరు పెట్టింది. పేరు మారింది గానీ అది తడి చాంబరే. అదే కంపెనీ 1999లో జీటీ3ని ట్రాక్ కోసం తెచ్చినప్పుడు మాత్రం విడి ట్యాంకు ఉన్న ఇంజిన్‌నే పెట్టింది. ఇంతకన్నా ఒప్పుకోలు ఏం కావాలి? నిజమైన డ్రై సంప్ ఉన్నా నిశ్చింత లేదు. 2006 కార్వెట్ జెడ్06 ట్యాంకు 8 క్వార్టులు పట్టేది, 2009కి వచ్చేసరికి దాన్ని 10.5 క్వార్టులకు పెంచారు.

వీటన్నిటికన్నా ముందు ఒక పాత్ర ఉంది, దాని మీద ఎవరూ నేరం మోపరు: టైరు. మామూలు టైర్లతో 0.9 జీ దగ్గర కారే జారిపోతుంది, ఇంజిన్ బతికిపోతుంది. సెమీ స్లిక్ వేసుకుంటే 1.2, 1.3 జీ వస్తుంది. డ్రైవరుకు సంబరం. చాంబర్ మాత్రం మొదటి టైర్ల కోసం గీసినదే. టైర్లు మార్చిన రోజే ఆయిల్ గురించి కూడా ఆలోచించినవాళ్లు నాకు అరుదుగా కనిపించారు.

మరి ఏం చెయ్యాలి? ముందు కొలవాలి. కారులో ఉన్న ఆయిల్ లైటును నమ్మకండి. చాలా కార్లలో ప్రెషర్ అర బార్ లోపుకు పడితేగానీ అది వెలగదు. ఐడ్లింగ్‌లో అది చాలు, కానీ 7000 ఆర్‌పీఎం దగ్గర నాలుగైదు బార్లు ఉండాల్సిన చోట అర బార్ అంటే బేరింగు కథ ముగిసినట్టే. ముల్లు గేజ్ ఉంది కదా అని సంతోషించకండి. మాజ్దా మియాటాలో 1994 దాకా నిజమైన ప్రెషర్ గేజ్ ఉండేది. 1995 నుంచి దాని వెనక ఉన్నది ఉత్త స్విచ్చు. కాస్త ప్రెషర్ రాగానే ముల్లు మధ్యకొచ్చి నిలబడుతుంది, ఇక కదలదు. చూస్తే ఎంత ధైర్యంగా ఉంటుందో!

నిజమైన సెన్సర్ ఒకటి గ్యాలరీలో బిగించి, ప్రెషర్‌ను ఆర్‌పీఎంతో, పక్కబలంతో కలిపి రికార్డు చెయ్యండి. చూడాల్సింది ఒక్కటే. తిన్నని దారిలో 6000 దగ్గర ఎంత ఉంది, మలుపులో అదే 6000 దగ్గర ఎంత ఉంది. రెండూ ఒకటే అయితే మీ చాంబర్ జోలికి పోనక్కర్లేదు. మలుపు మొదట్లోనే గీత కిందికి దిగితే ఆయిల్ చాంబర్‌లో పక్కకు పోతోందని అనుమానించండి, బాఫిల్ చాలవచ్చు. నాలుగైదు సెకన్లు బాగానే ఉండి చివర్లో కూలిపోతే చాంబర్ ఖాళీ అవుతోందని అర్థం. అప్పుడు హెడ్ నుంచి దిగే దారి సరిచెయ్యాలి, లేదంటే డ్రై సంప్‌కు మారాలి. అక్యుసంప్ లాంటి నిల్వ సిలిండర్ రెండు మూడు క్వార్టుల ఆయిల్‌ను ఒత్తిడితో దాచుకుని, ప్రెషర్ పడగానే వదులుతుంది. అది కొన్ని సెకన్ల అప్పు మాత్రమే. ప్రెషర్ తిరిగి వచ్చాక ఆ అప్పు పంపే తీర్చాలి.

ట్రాక్ నుంచి వచ్చాక ఫిల్టర్‌ను పారెయ్యకండి. డబ్బా కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పట్టి చూడండి. సన్నటి బూడిద పొడి అయితే కంగారు పడనక్కర్లేదు. రాగి రంగు రేకులు మెరిస్తే బేరింగు పై పొర అప్పటికే అరిగిపోయిందని అనుకోవాలి. ఆ స్థితిలో ఇంకో సెషన్‌కు వెళ్లడం పొగరు తప్ప మరేం కాదు.

సెన్సర్, లాగర్ రేసర్లకే గానీ సరదాగా వెళ్లేవాళ్లకు ఎందుకని ఒక వాదన వినిపిస్తుంది. బేరింగుకు సరదా, పోటీ తేడా తెలియదు. సెన్సర్, లాగర్‌ల ఖర్చు ఇంజిన్ రీబిల్డ్ బిల్లు ముందు లెక్కలోకి కూడా రాదు. మీ మెకానిక్ ఖరీదైన ఆయిల్ డబ్బా చూపించి ఇది పోస్తే చాలంటే, మలుపులో ప్రెషర్ ఎంత ఉంటోందని అడగండి. ఆయన దగ్గర ఆ అంకె లేకపోతే డబ్బాను అక్కడే పెట్టించి, ముందు సెన్సర్ బిగించమనండి.