కడ్డీలు పోయాయి, ఆలోచన మిగిలింది

ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే అందులో ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. కామ్‌షాఫ్టు కిందికి తొక్కుతుంది, స్ప్రింగు పైకి నెడుతుంది, ముఖానికి మంట తగులుతూనే ఉంటుంది. పుట్టగొడుగులాంటి ఈ చిన్న లోహపు ముక్కను వదిలించుకోవాలని ఇంజనీర్లు నూరేళ్లకు పైగా చూస్తున్నారు. అప్పుడప్పుడూ ఎక్కడో ఒకచోట ‘ఇక వాల్వులకు కాలం చెల్లింది’ అన్న ప్రకటన వస్తుంది, మనమూ దాన్ని నెత్తికెత్తుకుంటాం. అలాంటి వార్త కనబడ్డప్పుడల్లా నాకొచ్చే సందేహం ఒక్కటే. ఈ బండి రెండో ఓనరు చేతికొచ్చి, ఏ ఆటోనగర్ షెడ్డులోనో బానెట్ ఎత్తే రోజున దీని గతేమిటి?

వాల్వుల మీద తిరగబడ్డవాళ్లలో నాకు బాగా నచ్చినవాడు ఇంజనీరు కూడా కాదు. చార్లెస్ యేల్ నైట్ అమెరికాలో పాడి వ్యాపారుల కోసం పత్రిక నడిపేవాడు. కారు కొని, దాని వాల్వుల టకటకకు విసిగిపోయాడు. మనలాంటివాళ్లం టాపెట్లు సరిచేయించుకుని ఊరుకుంటాం. ఆయన ఏకంగా వాల్వులనే తీసేశాడు. పిస్టన్ చుట్టూ ఒకదానిలో ఒకటి దూరే రెండు గొట్టాలు పెట్టాడు. అవి పైకీ కిందికీ జారుతూ, వాటికి కోసిన కంతలు ఎదురెదురుగా వచ్చినప్పుడు గాలి లోపలికి, పొగ బయటికి. స్ప్రింగుల్లేవు, చప్పుడూ లేదు. బ్రిటన్‌లో డైమ్లర్ కంపెనీ ఈ ఇంజన్‌ను అందుకుంది. 1909లో అక్కడి రాయల్ ఆటోమొబైల్ క్లబ్ దానికి డ్యూయర్ ట్రోఫీ ఇచ్చింది. బెల్జియంలో మినర్వా, ఫ్రాన్స్‌లో పానార్ లైసెన్సు తీసుకున్నాయి. అమెరికాలో విల్లిస్-నైట్ కార్లు 1933 దాకా తయారయ్యాయి.

మరి ఎందుకు పోయింది? నూనె తాగింది కాబట్టి. రెండు గొట్టాలూ ఒరుసుకోకుండా జారాలంటే మధ్యలో ఆయిల్ ఉండాలి. ఆ ఆయిలే మంటలోకి జారి నీలిపొగై వెనకనుంచి వచ్చేది. తయారీ ఖర్చూ ఎక్కువే. ఈలోగా మామూలు వాల్వు చూస్తూ కూర్చోలేదు. మంచి ఉక్కు వచ్చింది, వేడి లాగేయడానికి కాడలో సోడియం నింపారు, పెట్రోలు మెరుగైంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిస్టల్ హెర్క్యులిస్, నేపియర్ సేబర్ విమాన ఇంజన్లలో ఒంటి గొట్టంతో ఇదే పద్ధతి మళ్లీ వెలిగింది. అయితే అక్కడ ప్రతి ఇంజన్ వెనకా వాయుసేన మెకానిక్కుల దండు ఉండేది. డాక్టరుగారి కారు వెనక ఎవరుంటారు?

తర్వాతి ప్రయత్నాలదీ దాదాపు ఇదే దారి. స్ప్రింగుకు బదులు ఇంకో కామ్‌తోనే వాల్వును మూయించే డెస్మో పద్ధతి 1954లో మెర్సిడెస్ రేసు కార్లలో గెలిచింది. డుకాటీ మోటారుసైకిళ్లకు అది ఇంటిపేరే అయింది. అదే డుకాటీ మల్టీస్ట్రాడా వీ4 బండికి స్ప్రింగులు పెట్టి, వాల్వుల తనిఖీ 60,000 కిలోమీటర్లకు ఒకసారి చాలంది. దూరప్రయాణాలు చేసేవాడికి అంతకంటే ఏం కావాలి? స్వీడన్‌కు చెందిన కోనిగ్‌సెగ్ 2020లో అసలు కామ్‌షాఫ్టే లేని మూడు సిలిండర్ల ఇంజన్ చూపించింది. రెండు లీటర్లకు 600 గుర్రాల బలం. కళ్లు చెదిరే పనితనమే, కాదనను. కోటీశ్వరుల కోసం తయారైంది, వాళ్ల దగ్గరే ఉండనిద్దాం.

అసలు కథ వాల్వులో లేదు, కంప్రెషన్‌లో ఉంది. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని ఎంత గట్టిగా అదిమితే పెట్రోలు నుంచి అంత పని రాబట్టవచ్చు. పుస్తకాల లెక్క ప్రకారం 8:1 కంప్రెషన్ రేషియోకు ఆదర్శ సామర్థ్యం 56 శాతం, 14:1కి 65. నిజమైన ఇంజన్‌లో అంత రాదు గానీ దారి మాత్రం అదే. అడ్డుపడేది నాకింగ్. మరీ అదిమితే మిశ్రమం సమయానికి ముందే తనంతట తాను పేలి పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది.

1880లలో జేమ్స్ అట్కిన్సన్ అనే ఆంగ్లేయుడు దీన్ని ఇంకో వైపు నుంచి చూశాడు. అదిమే దూరం తక్కువగా, మంట పిస్టన్‌ను తోసే దూరం ఎక్కువగా ఉంటే వేడి వృథా కాదు కదా! అందుకోసం పిస్టన్‌కూ క్రాంక్‌షాఫ్టుకూ మధ్య కడ్డీలూ కీళ్లూ అల్లాడు. ఇంజన్ పనిచేసింది, కానీ ఆ కీళ్ల గందరగోళం కార్లలోకి ఎక్కలేదు. నూరేళ్లు దాటాక టయోటా ఇంజనీర్లు ఒక్క కడ్డీ కూడా కలపకుండా అదే ఫలితం తెచ్చారు. పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వును కాసేపు తెరిచే ఉంచారు. మిశ్రమంలో కొంత వెనక్కి పోతుంది, అదమడం తగ్గుతుంది, తోసే దూరం మాత్రం పూర్తిగా దక్కుతుంది. తగ్గిన బలాన్ని బ్యాటరీ మోటారు పూడుస్తుంది. 1997 నాటి ప్రియస్ కిటుకు ఇదే. ఇవాళ మన రోడ్ల మీద ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ చేస్తున్నదీ ఇదే. నా లెక్కలో ఇంజన్ చరిత్రలో ఇంతకంటే తెలివైన పని లేదు.

నిస్సాన్ మాత్రం మళ్లీ కడ్డీల దగ్గరికే వెళ్లింది. దాదాపు ఇరవయ్యేళ్లు శ్రమించి, నడుస్తుండగానే కంప్రెషన్‌ను 8:1 నుంచి 14:1 దాకా మార్చుకోగల వీసీ-టర్బో ఇంజన్ తెచ్చింది. సాబ్ 2000లో ఇలాంటిదే చూపించి వదిలేసింది, నిస్సాన్ షోరూముదాకా తేగలిగింది. దానికి దండం పెట్టాల్సిందే. కానీ కీలు పెరిగితే బేరింగు పెరుగుతుంది, బేరింగు పెరిగితే అరుగుదలా పెరుగుతుంది. 2025లో బేరింగుల లోపం వల్ల అమెరికాలో 4.4 లక్షలకు పైగా బళ్లను నిస్సాన్ వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2024లో దాదాపు 50 లక్షల ధరతో మన దేశంలోకి దిగుమతైన ఎక్స్-ట్రెయిల్‌లో ఉన్నదీ ఈ రకం ఇంజనే.

మనకు ఇదంతా ఎందుకంటే, మన బంకుల్లో ఇప్పుడు ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తున్నారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలుకన్నా మూడోవంతు తక్కువ. అందుకే మైలేజీ తగ్గుతుంది. మామూలు పెట్రోలుకు తయారై ఈ10కి సర్దిన కార్లలో 6-7 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. మైలేజీ తగ్గిందని జనం గోల పెడితే అపోహ అని కొట్టిపారేయడం తప్పు. అయితే ఇథనాల్‌కు ఒక సుగుణం ఉంది. నాకింగ్‌ను పెట్రోలుకన్నా బాగా తట్టుకుంటుంది. అంటే కంప్రెషన్ పెంచి, పోయినదాంట్లో కొంత తిరిగి రాబట్టుకోవచ్చు. దానికి నైట్ గొట్టాలు అక్కర్లేదు, కామ్‌షాఫ్టు లేని వింతలూ అక్కర్లేదు. పిస్టన్ తల మార్చి, టైమింగ్ సరిచేస్తే చాలు.

కాబట్టి కార్ల కంపెనీలకు నా విజ్ఞప్తి: ‘ఈ20కి అనుకూలం’ అంటూ పైపులు, సీళ్లు మార్చి ఊరుకోకండి, కంప్రెషన్ పెంచిన ఇంజన్లు ఇవ్వండి. కొనేవాళ్లు కూడా టచ్‌స్క్రీన్ ఎన్ని అంగుళాలో అడిగిన నోటితోనే కంప్రెషన్ రేషియో ఎంతో అడగండి. సేల్స్‌మన్ తడబడితే మేనేజర్ని పిలవమనండి.