జపాను భాష ఎన్నాళ్ళకు వస్తుంది?

గత నెలలో ఒకనాటి సాయంకాలం నా పూర్వవిద్యార్థి ఒకడు కోడేరులోని మా ఇంటికి వచ్చినాడు. ఎనిమిదవ తరగతి సగంలో బడి మాని, తల్లిదండ్రుల వెంట గుంపుమేస్త్రీ చేతి కింద భీవండికి వలసపోయినవాడు. పాలమూరులో ఉపాధ్యాయులుగా పనిచేసిన వారికి ఇటువంటి ఖాళీ బెంచీలు కొత్త కావు. ఇప్పుడు ఊళ్ళోనే సేద్యం చేసుకుంటున్నాడు. వెంట కూతురు ఉన్నది. ఆ పిల్ల నర్సింగు చదువు ముగించింది. పట్నంలో ఒక శిక్షణ సంస్థవారు ఆరు నెలల్లో జపాను భాష నేర్పి, ఆ దేశంలో వృద్ధుల సేవకు పంపుతామన్నారట. రుసుము కట్టడానికి ఉన్న రెండెకరాల్లో ఒక ఎకరం కుదువబెట్టాలని తండ్రి ఆలోచన.

"సారూ, మీరు బాస చెప్పినోళ్ళు. ఆర్నెల్లల్ల జపాను బాస వస్తదా, రాదా? నాకు భీవండిల ఆర్నెల్లకే మరాఠీ వచ్చె. బిడ్డకు రాదా?" అని అడిగినాడు.

ముప్పైమూడేళ్ళు తెలుగు వ్యాకరణం చెప్పినవాడినే గాని నేను జపాను భాషాపండితుడను కాను. అయినా నాకేం తెలుసునని పంపివేయడానికి మనసొప్పలేదు. నెల రోజుల గడువు అడిగి, ఒక వాచకం తెప్పించుకొని, అరవై దాటిన ఈ వయసులో పలక పట్టినాను. ఆ అనుభవమే ఈ టపా.

నా అభిప్రాయం ముందే మనవి చేస్తాను. ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పేవారు తెలియనివారైనా కావాలి, అమ్మజూపేవారైనా కావాలి. భాష నేర్వడానికి చెవికి పట్టే కాలం వేరు, కంటికి పట్టే కాలం వేరు. తెలుగువాని చెవి జపాను భాషకు సగం సిద్ధమై ఉన్నది. కన్ను మాత్రం ఓనమాల దగ్గర ఉన్నది.

అందరూ ఉదహరించే లెక్క ఒకటున్నది. అమెరికా ప్రభుత్వం తన దౌత్యోద్యోగులకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ వేసిన లెక్క అది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి జపాను భాష ఉద్యోగానికి పనికివచ్చేంతగా పట్టుబడడానికి 88 వారాలు, అనగా 2200 తరగతి గంటలు కావాలట. మన తెలుగుకు వారు వేసినది 44 వారాలు, 1100 గంటలు. రోజుకు గంట చదివే సామాన్యునికి 2200 గంటలంటే ఆరేళ్ళు. ఈ అంకె చూచి జడిసి పుస్తకం మూసినవారు ఎందరో ఉంటారు. కాని ఆ కొలబద్ద ఇంగ్లీషువారిది, మనది కాదు.

ఎందుకు కాదో చూడండి. 'నిన్న వచ్చిన మనిషి' అనడానికి జపానులో 'కినో కిత హితొ' అంటారు. నిన్నకు కినో, వచ్చినకు కిత, మనిషికి హితొ. మాటకు మాట పెట్టుకుంటూ పోతే చాలు, వాక్యం దానంతటదే కుదురుతుంది. క్రియ చివర వస్తుంది. విభక్తులు నామం తరువాత చేరుతాయి. పదాలు చాలావరకు అజంతాలు. హ్రస్వదీర్ఘాల తేడాతో అర్థం మారుతుంది. 'ఒబసన్' అంటే అత్తో పిన్నో, 'ఒబాసన్' అంటే నానమ్మో అమ్మమ్మో. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలాబిళ్ళ. కల, కల్ల వేరని ఒకటవ తరగతిలోనే తెలిసిన మన పిల్లలకు ఇందులో కొత్త ఏమున్నది? పెద్దల ఎదుట మాట మార్చడం కూడ మనకు అలవాటే. తినడానికి వారికి 'తబెరు' ఉన్నది, గౌరవించి చెప్పేటప్పుడు 'మెషిఅగరు' ఉన్నది. మనం తిను, ఆరగించు అన్నట్లే.

ఛందస్సు చెప్పినవాడిని గనుక నాకు మరింత ముచ్చట గొలిపినది వారి ఉచ్చారణలోని కాలపు కొలత. టోక్యో అన్నది వారికి నాలుగు కొలతల మాట. మన లెక్కన రెండు గురువులు, నాలుగు మాత్రలు. నిప్పొన్ అన్నా నాలుగే. ద్విత్వానికి ముందున్న 'ని' గురువు, పొల్లుతో కూడిన 'ప్పొన్' గురువు. హైకూ అనగానే మనవారు 5-7-5 అక్షరాలు లెక్కపెడతారు గాని, జపానువారు లెక్కించేది మన అక్షరం కన్న మాత్రకు దగ్గరైన కొలత. లఘువు, గురువు తెలిసిన చెవికి జపాను మాట నడక పరాయిది కాదు.

ఇక కంటి సంగతి. జపాను రాతలో మూడు తీరులున్నాయి. హిరగన, కతకన అనేవి మన అక్షరాల వంటివి. ఒక్కొక్కదానిలో 46 మూలాక్షరాలు. వాటి పట్టిక చూచి ఆశ్చర్యపోయినాను. మొదట అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. పిమ్మట క, స, త, న, హ, మ, య, ర, వ వరుసలు. 'స' మన చవర్గం ఉండవలసిన చోట, 'హ' పవర్గం ఉండవలసిన చోట కూర్చున్నాయి. ఆ 'హ' పూర్వం 'ప' గానే పలికేదట. బౌద్ధభిక్షువుల ద్వారా చేరిన సంస్కృత వర్ణక్రమమే దీనికి మూలం. నాకు రెండూ కలిపి మూడు వారాల్లో వచ్చినాయి. ఇరవై యేళ్ళ పిల్లకు రెండు వారాలు చాలు.

మూడవది కంజి. చీనా నుంచి తెచ్చుకున్న భావచిత్రాలు. నిత్యవ్యవహారానికని ప్రభుత్వం 2010లో సవరించిన పట్టికలో ఇవి 2136. సంఖ్య ఒక్కటే కష్టం కాదు. ఒకే బొమ్మను ఒకచోట దేశ్యంగాను, మరొకచోట తత్సమంగాను చదవాలి. నీటి బొమ్మ విడిగా ఉంటే 'మిజు', నీటి సరఫరా అనే మాటలో చేరితే 'సుయి'. కొండ బొమ్మ విడిగా 'యమ', ఫుజిసన్‌లో 'సన్'. ఈ 'సన్' గారు అనే అర్థంలోది కాదు, పర్వతమే. నల్లకొండలో కొండ అని, హిమగిరిలో గిరి అని ఒకే గుర్తును చదవవలసివస్తే మన పిల్లలు ఏమయ్యేవారో ఊహించుకోండి. జపాను పిల్లలే ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్ళు కూర్చుని 1026 కంజీలు నేరుస్తారు. మిగిలినవాటికి పైతరగతుల్లో మరి మూడేళ్ళు. మాతృభాష వారికే తొమ్మిదేళ్ళు పట్టేదానికి దగ్గరిదారి ఎక్కడిది?

మా శిష్యుని మరాఠీ గుట్టు ఇక్కడే ఉన్నది. అతడు అబద్ధమాడలేదు. ఆరు నెలల్లో ఇటుకలు, సిమెంటు, కూలి, కిరాణాకొట్టు బేరం అన్నీ మరాఠీలో నెగ్గుకొచ్చినాడు. గురువు లేడు, పుస్తకం లేదు, ఆకలి ఉన్నది. పాలమూరు కూలీలు ఇట్లా ఎన్ని భాషలు నేర్చినారో ఏ విశ్వవిద్యాలయమూ లెక్క కట్టలేదు. కాని, "అక్కడి బస్సు మీది బోర్డు చదువుతుంటివా?" అని అడిగితే తల వంచుకున్నాడు. చెవి నేర్చింది, కన్ను నేర్వలేదు. కూలిపనికి అది చాలింది. రోగికి మందిచ్చే పనికి చాలదు.

శిక్షణ సంస్థవారి ఆరు నెలల మాటలో కూడ సగం నిజమున్నది. జపాను 2019లో ప్రారంభించిన నిర్దిష్ట నైపుణ్యాల వీసా విషయమై మన దేశంతో 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది. ఆ దారిన వెళ్ళడానికి భాషాప్రావీణ్య పరీక్షలో ఎన్-4 మెట్టు గాని, దానికి సాటియైన మరో పరీక్ష గాని చాలు. వృద్ధసేవకైతే ఆ పని పరీక్షలు అదనం. 2009 వరకు ఉన్న పాత పరీక్షావిధానంలో ఇంచుమించు ఈ మెట్టుకు చెప్పిన లెక్క 300 గంటలు, 300 కంజీలు, 1500 మాటలు. రోజుకు రెండు గంటల చొప్పున అయిదు నెలలు. కనుక ఆరు నెలల్లో పరీక్ష గట్టెక్కవచ్చు. అయితే ఆ భాషాప్రావీణ్య పరీక్షలో చదవడం, వినడం మాత్రమే ఉన్నాయి. మాట్లాడించి చూడరు, రాయించి చూడరు. పాత లెక్కలో పైమెట్టుకు 2000 కంజీలు, 10000 మాటలు. ఆరు నెలలకు దొరికేది గడప. దానిని ఇల్లని చెప్పి సొమ్ము తీసుకోవడమే నాకు నచ్చనిది.

గడప దగ్గర ఆగిపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఉన్నది. 2008లో ఇండోనేషియా నుంచి, 2009లో ఫిలిప్పీన్స్ నుంచి ప్రభుత్వాల ఒప్పందం మీద నర్సులు జపాను వెళ్ళినారు. స్వదేశంలో పని చేసి అనుభవం గడించినవారు. 2009 నాటి జపాను జాతీయ నర్సు పరీక్షకు అట్లా వచ్చినవారు 82 మంది కూర్చుంటే ఒక్కరూ నెగ్గలేదు. 2010లో 254 మందిలో ముగ్గురు నెగ్గినారు. వారికి వైద్యం రాక కాదు, కంజి రాక. మంచాన పడ్డవారికి వచ్చే ఒరుపుపుండును వాడుకలో 'తొకొజురె' అంటారు, శాస్త్రంలో 'జొకుసో' అంటారు. పుండు తెలుసు, కట్టు కట్టడం తెలుసు, ప్రశ్నలోని మాట తెలియదు. తరువాత ప్రశ్నపత్రంలో కంజీల పక్కన ఉచ్చారణ అచ్చువేసి, సమయం పెంచినారు.

నెల తిరిగి తండ్రీకూతుళ్ళు వచ్చినప్పుడు ఇదంతా చెప్పినాను. "అమ్మా, మాట్లాడడానికి ఏడాది. పత్రిక చదవడానికి నాలుగైదేళ్ళు. రోగి కాగితాలు తడుముకోకుండ చదవడానికి ఇంకా పైన. నీవు తెలివితక్కువదానవు గనుక కాదు, సామాన్యులందరికీ అంతే" అన్నాను. 1817లో మద్రాసులో దిగిన బ్రౌను దొర తెలుగు వ్యాకరణం 1840లో, నిఘంటువు 1852లో వెలువడినాయని కూడ చెప్పినాను. ఆ వీసా మీద వెళ్ళేది నర్సుగా కాదని, సేవకురాలిగానేనని, గడువు అయిదేళ్ళని, కుటుంబాన్ని వెంట తీసుకుపోరాదని ఆ సంస్థవారు ఆమెతో చెప్పనే లేదు.

వెళ్ళవద్దని నేననలేదు. పొలం మాత్రం ఇప్పుడే కుదువబెట్టవద్దన్నాను. రెండు కనాలు, యాభై కంజీలు ఇంట్లోనే నేర్చి చూడమన్నాను. దానికి నోటుపుస్తకం ఖర్చే. ఆ మేరకు మనసు నిలిస్తే, ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ గడప తొక్కి కూడ విచారించి, ఆ పైన రుసుము సంగతి చూడవచ్చు. తండ్రి కొంచెం నొచ్చుకున్నాడు. ఆర్నెల్ల మాట ఆయనకు తియ్యగా ఉండింది.

మొన్న ఆదివారం ఆ పిల్ల ఒక్కతే నోటుపుస్తకం తీసుకుని వచ్చింది. కతకనలో మన ఊరి పేరు రాసి చూపించింది. కో పక్కన దీర్ఘానికి ఒక గీత, డే పక్కన ఒక గీత, చివర రు. మొత్తం అయిదు గుర్తులు. మన ఛందస్సులోనూ కోడేరుకు అయిదు మాత్రలే. పొలం ఇంకా వారి పేరనే ఉన్నది.