కీళ్ల కసరత్తు

అలిపిరి మెట్లదారిని తిరుమలకు ఎక్కిపోవువారిని మన ప్రాంతమువారు నిత్యము చూచుచునే యున్నారు. సుమారు 3,550 మెట్లుగల యా త్రోవ తుదిభాగమున మిక్కిలి నిటారుగానుండు చోటునకు మోకాళ్ల పర్వతమని పేరు. ఏ మతమువారైనను అచ్చట నిలిచి యాత్రికుల యడుగులను గమనించినచో నొక పాఠము దొరకును. సేద్యము చేయు ముదుసలి నెమ్మదిగా నెక్కి నెమ్మదిగా దిగును. దినమంతయు బల్లపై కూర్చుండి చదువు యువకుడు నడిమిత్రోవలో మోకాలు పట్టుకొని కూలబడును.

ఎక్కుటకంటె దిగుట సులభమని తలంతుము. అది యూపిరికి నిజమే గాని మోకాలికి గాదు. మెట్లు దిగునప్పుడు మోకాటిపై బడు ఒత్తిడి దేహభారమునకు మూడింతలు మించును. ఆ భారమును తొడ కండలు, తుంటి, చీలమండ పంచుకొనవలెను. చీలమండ బిగిసి వంగకుండిన యెడల దాని పనియు మోకాలే చేయవలసివచ్చును. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు, తప్పొక చోట, నొప్పి వేరొక చోట!

మన ఆటస్థలమునందును ఇదియే తీరు. చెడుగుడు ఆడు బాలుడు మోకాలు నొచ్చినను, జట్టునుండి తొలగింతురేమో యను భయముచే నోరు విప్పడు. నొప్పి ముదిరిన పిమ్మట తలిదండ్రులు తైలము రాచి, నెలల తరబడి యాట మాన్పింతురు. నొప్పిని దాచి పరుగెత్తుటయు, నొప్పికి వెరచి కదలక యుండుటయు రెండును తప్పులే యని మా యభిప్రాయము. కొలత యెరిగి కదల్చుటయే సరియైన మార్గము.

దీనికి కారణము కలదు. కీలులో ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలునందలి జిగురు ద్రవమే దానికి ముఖ్యాహారము. అది కదలికచేతనే చక్కగా లోనికింకును. కనుక నెల దినములు కదల్పని కీలు పస్తున్న కీలు వంటిది.

ఈ తలంపు క్రొత్తది కాదు. స్వీడన్ దేశీయుడగు లింగు తన చేతినొప్పి కత్తిసాముచే తగ్గుట గ్రహించి కసరత్తును శాస్త్రముగా దిద్దెననియు చెప్పుదురు. 1813 లో స్టాక్‌హోము నగరమున నాతడు వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. 1920 లో నాటి మదరాసున బక్కు దొరగారు వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను నెలకొల్పిరి. బడులలో డ్రిల్లు అనునది పంక్తిలో నిలుచుటకు మాత్రమే యేర్పడినది గాదని వీరి కృషివలన తెలియుచున్నది.

మేము కోరునది స్వల్పము. ఆటకు ముందు పది నిమిషములు చాలును. గోడకెదురుగా నిలిచి, పాదమును గోడకు జానెడు లోపు దూరముననుంచి, మడమ లేవకుండ మోకాలు గోడకు తాకించుట. గోడ పట్టుకొని కాలిని ముందు వెనుకలకు, ప్రక్కలకు ఊపుట. కుర్చీపై కూర్చుండబోవునట్లు వంగి లేచుట. భుజములను చక్రమువలె త్రిప్పుట. ఒక్కొక్కటి పదిమారులు చేయవలెను. ఆటకు ముందు కదలుచు చేయు కసరత్తే మేలు. ఒకే భంగిమలో అరనిమిషము సాగదీసి నిలుచుట ఆట ముగిసిన తరువాత తగును.

శ్రమచేసిన మరునాడు కండలు నొచ్చి రెండు మూడు దినములలో తగ్గిన భయము లేదు. కీలు వాచినను, బిగుసుకొని కదలకున్నను, రాత్రులయందు నిద్రరానంత నొప్పియున్నను, జ్వరము తోడైనను, కసరత్తు నాపి వైద్యుని చూడవలెను. తిరుపతిలో దేవస్థానమువారి బర్డు ఆసుపత్రి ఎముకలు, కీళ్ల చికిత్సకు ప్రసిద్ధమై యున్నది.

పరీక్షలు సమీపించినంతనే డ్రిల్లు గంటను గణితమునకు మార్చుట పలుచోట్ల వాడుక. చదువునకు కాలము చాలదందురు. నడుము నొచ్చుచుండగా గణితము తలకెక్కునా? బాలికలకు ఈ కసరత్తేల యనువారును కలరు. నీళ్లబిందె మోయు నడుమునకును, ఇల్లూడ్చు వెన్నునకును కీళ్లు లేవా యని వారినే యడుగుచున్నాము.

మొక్కై వంగనిది మానై వంగునా యను సామెత చెట్లకు తగును గాని కీళ్లకు పూర్తిగా తగదు. ముదిమియందును క్రమముగా కదల్చిన కీలు కొంత సడలును, నొప్పియు తగ్గును. కావున విద్యార్థులారా, బడిలో నేర్చినదానిని సాయంకాలము అవ్వతాతల యెదుట చేసి చూపుడు. వారిచేతను మెల్లగా చేయింపుడు. అపొస్తలుడైన పౌలు దేహమును దేవాలయముతో పోల్చెను. ఆలయపు తలుపులు తుప్పుపట్టకుండ దినదినము తెరచుట మన విధి గాదా?